నాలుగు తీగలు చాలవా?

బేస్ గిటార్ వాయించి బతికేవాళ్ళ మధ్య ఒక పాత తగువు ఉంది. నాలుగు తీగలు చాలా, అయిదో ఆరో ఉండాలా? బయటివాళ్ళకి ఇది పట్టించుకోవాల్సిన విషయంలా అనిపించదు. పాటలో బేస్ ఎక్కడుందో చూపించమంటేనే చాలామంది తడుముకుంటారు, ఇక దానికి ఎన్ని తీగలైతే ఎవరికేం? నేను పదిహేనేళ్ళుగా హైదరాబాద్‌లో ఈ వాయిద్యం మీద వచ్చే డబ్బుతోనే ఇంటద్దె కడుతున్నాను. పెళ్ళిళ్ళ ముందు రోజు సంగీత్‌లు, పాత పాటల కార్యక్రమాలు, కేఫ్‌లు, ఎప్పుడైనా స్టూడియో పిలిస్తే స్టూడియో. ఈ తగువుని రిహార్సల్ గదుల్లో, టీ కొట్ల దగ్గర, తిరుగు ప్రయాణంలో వ్యాన్ వెనక సీట్లో విని విని నాకొకటి తోచింది. దీని అడుగున ఒక నైతిక ప్రశ్న ఉంది: "నాకింత చాలు" అనే హక్కు మనిషికి ఎప్పుడుంటుంది?

మనలో చాలామందికి "ఇంత చాలు" అన్న మాట వినగానే గౌరవం కలుగుతుంది. రెండు చొక్కాలతో బతికేవాడు, పాత ఫోన్‌తో సర్దుకునేవాడు, సొంత కారు వద్దనుకున్నవాడు మనకి నచ్చుతారు. ఆ గౌరవం ఎప్పుడూ న్యాయమైనదేనా అన్నది నా అనుమానం. దాన్ని నాకు తెలిసిన ఒక్క వస్తువు మీద పెట్టి చూస్తాను.

*

ముందు లెక్క చూద్దాం. మామూలు బేస్‌కి నాలుగు తీగలు: లావు దాని నుంచి మొదలుపెడితే ఇ, ఎ, డి, జి. లావుపాటి ఇ తీగని వేలు నొక్కకుండా మీటితే సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. అయిదు తీగల బేస్‌లో దానికన్నా లావైన బి అనే తీగ ఉంటుంది, అది సుమారు 31 సార్లు కంపిస్తుంది. ఆరు తీగల దానికి అటు చివర సన్నటి సి తీగ కలుస్తుంది. 20 ఫ్రెట్లున్న నాలుగు తీగల బేస్ మీద మొత్తం 36 స్వరాలు పలుకుతాయి. అయిదో తీగ వాటికి కొత్తగా కలిపేవి మంద్రంలో అయిదే అయిదు. ఆరోది పైన ఇంకో అయిదు. మిగతావన్నీ ముందే ఉన్నవి, ఇంకో చోట దొరుకుతాయి, అంతే. చెయ్యి అంతగా జరపకుండా ఉన్న చోటే ఎక్కువ స్వరాలు అందుతాయన్నది ఒక సౌకర్యం.

ఆ అయిదు స్వరాలకీ ధర ఉంది. మెడ వెడల్పవుతుంది, బరువు పెరుగుతుంది. మూడు గంటల ప్రోగ్రాం అయ్యాక ఆ అదనపు బరువు సంగతి ఎడమ భుజాన్నడగాలి. తీగల సెట్టు కొన్న ప్రతిసారీ ఎక్కువ పెట్టాలి. అన్నిటికన్నా పెద్ద ధర ఇంకోటుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

మరి నాలుగు అన్న సంఖ్య ఎక్కడిది? 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అమ్మకానికి పెట్టాడు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం రాదు. కానీ వాయించి బతికేవాళ్ళ ఇబ్బంది ఆయనకి తెలుసు. నిలువెత్తు డబుల్ బేస్‌ని ఊరూరా మోసుకెళ్ళడం ఒక నరకం. మోసుకెళ్ళినా డ్రమ్స్, కొత్తగా వచ్చిన ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో అది వినిపించదు. ఆయన డబుల్ బేస్ నుంచి నాలుగు తీగల్నీ వాటి శ్రుతినీ ఉన్నదున్నట్టు తీసుకుని, వీణ మెట్లలా ఫ్రెట్లు బిగించి, మెడలో వేసుకునే గిటార్ ఆకారంలో పెట్టాడు. ఫ్రెట్ల వల్ల స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టే ఆ పేరు. అంటే నాలుగు తీగల బేస్ పుట్టిందే పనివాడి సౌకర్యం కోసం. ఇవాళ దాన్ని సంప్రదాయానికి, నిగ్రహానికి గుర్తుగా చూపిస్తుంటే నాకు నవ్వొస్తుంది.

ఆయన అరువు తెచ్చుకున్న ఆ డబుల్ బేస్‌కైనా నాలుగు అన్నది శాశ్వతమా అంటే అదీ కాదు. 19వ శతాబ్దంలో మూడు తీగల డబుల్ బేస్‌లు మామూలు. ఆ వాయిద్యం మీద పెద్ద పేరు తెచ్చుకున్న ఇటలీ విద్వాంసుడు బొట్టెసీని మూడు తీగల దాని మీదే వాయించాడు. ఇంకోవైపు సింఫనీ ఆర్కెస్ట్రాల్లో మంద్రం చాలక అయిదు తీగల డబుల్ బేస్‌లూ వాడుతున్నారు. ఎవరి అవసరం వాళ్ళది.

*

నాలుగు తీగల పక్షం వాళ్ళు ఎప్పుడూ తెచ్చే మొదటి సాక్షి జేమ్స్ జేమర్సన్. 1960లలో డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి ఆయన వాయించిన బేస్ లేకపోతే ఇవాళ మనం వాయించే బేస్ ఇలా ఉండేది కాదు. 1962 నాటి ప్రెసిషన్ బేస్, దాని మీద పాతబడిన తీగలు, మీటడానికి కుడిచేతి చూపుడు వేలు ఒక్కటి. అంతే. రెండో సాక్షి జాకో పాస్టోరియస్. ఫ్రెట్లు తీసేసిన నాలుగు తీగల జాజ్ బేస్ మీద, 1976 నాటి తన మొదటి ఆల్బంలో, తీగని నొక్కకుండా తాకీ తాకనట్టు తాకి గంటల్లాంటి హార్మోనిక్స్ పలికించాడు. పైన సి తీగ లేకపోయినా ఆకాశమంత ఎత్తుకి వెళ్ళొచ్చని చూపించాడు. "వాళ్ళకి చాలినవి నీకు చాలవా?" అని మన పక్షంవాళ్ళు అడుగుతారు.

బలమైన మాటే. కానీ ఇందులో ఒక కిటుకు ఉంది. జేమర్సన్ అయిదు తీగల్ని కాదని నాలుగు తీగలు పట్టుకోలేదు. ఆయన డబుల్ బేస్ నుంచి వచ్చినవాడు, దుకాణంలో ఉన్న బేస్ గిటార్ నాలుగు తీగలది. ఎంచుకునే వీల్లేని చోట మనం నిగ్రహాన్ని చూస్తున్నాం. మా నాయనమ్మ తరం వాళ్ళు ప్లాస్టిక్ వాడలేదని మెచ్చుకున్నట్టు ఉంటుంది ఇది. జేమర్సన్ జీవితంలో లేమి తీగల దగ్గర లేదు. ఆయన పేరు చాలా ఏళ్ళు ఆ రికార్డుల అట్టల మీద లేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా వాయించినవాళ్ళ పేర్లు వెయ్యాలని ఆ కంపెనీకి తోచలేదు. ఆయన నుంచి మనం ఏదైనా నేర్చుకోదలిస్తే ముందు అది నేర్చుకోవాలి.

రెండో పక్షంలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఆంథొనీ జాక్సన్. ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది. ఈ వాయిద్యం గిటార్ కుటుంబానికి చెందింది, గిటార్‌కి ఆరు తీగలుంటాయి, దీనికి మాత్రం నాలుగెందుకు? డబుల్ బేస్‌కి నాలుగున్నాయి కాబట్టి ఫెండర్ నాలుగు పెట్టాడు, అంతకుమించి కారణం లేదు. ఆయన కోరితే కార్ల్ థాంప్సన్ అనే పనివాడు 1975లో ఆరు తీగల బేస్ ఒకటి చేసిచ్చాడు. జాక్సన్ దాన్ని కాంట్రాబేస్ గిటార్ అన్నాడు. అంతకు పదేళ్ళ ముందే, 1965లో, ఫెండర్ కంపెనీ అయిదు తీగల బేస్ తెచ్చింది. అందులో అదనపు తీగ పైన ఉండేది, కింద కాదు. దాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు, కొన్నేళ్ళకే ఆపేశారు. తీరా 1980లలో సింథసైజర్లు వచ్చి, కీబోర్డు వాయించేవాడి ఎడంచెయ్యి ఇ కన్నా కిందికి సునాయాసంగా దిగిపోవడం మొదలెట్టాక, బేస్ గిటారిస్టులకి ఆ కింది అయిదు స్వరాల అవసరం హఠాత్తుగా తెలిసొచ్చింది. స్టూడియోల్లో అయిదు తీగల బేస్ కనిపించడం అప్పట్నుంచే ఎక్కువైంది. సిద్ధాంతం చెయ్యలేని పనిని పోటీ చేసింది.

జాక్సన్ మాటలో నాకు నచ్చేది ఆ ధైర్యం. మనం సహజం అనుకునే హద్దుల్లో చాలా భాగం ఎవరో ఒకరు తొందరలో గీసినవి. వాటిని పూజించే ముందు ఎవరు గీశారు, ఎందుకు గీశారు అని అడగాలి. కానీ ఆయన తర్కం నాకు పూర్తి జవాబు ఇవ్వదు. హద్దు కాకతాళీయంగా పుట్టింది కాబట్టి దాటాల్సిందే అనడం తప్పు. నా మాతృభాష తెలుగు కావడమూ కాకతాళీయమే. అందులో రాయడం మానెయ్యాలా?

*

పాత పాటల కార్యక్రమంలో ఒకసారి ఒక పెద్దావిడ పాడటానికి వచ్చారు. ఒకప్పుడు రేడియోలో పాడినావిడ, డెబ్బై దాటాయి. రిహార్సల్‌లో పల్లవి అందుకుని, పై స్వరం దగ్గర ఆగి, నా వైపు, కీబోర్డు అబ్బాయి వైపు చూసి, "బాబూ, ఏమీ అనుకోకపోతే స్కేల్ కాస్త కిందికి దించుతారా? ఇదివరకట్లా అందట్లేదు" అన్నారు. ఆ అడగడంలో ఎంత మొహమాటం ఉందో చెప్పలేను. కీబోర్డు అబ్బాయి ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కాడు. డ్రమ్స్ వాయించేవాడికి స్కేల్‌తో పని లేదు. పాట ఇ నుంచి డికి వచ్చింది.

ఇక్కడ బేస్‌కి ఏమవుతుందో చెప్పాలి. ఆ పాటలో బేస్ ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, పల్లవి ముగిసే చోట ఇ మీద వాలుతుంది. గొంతు ఆగుతుంది, కింద నేల ఉంటుంది. ఇప్పుడు అది డి మీద వాలాలి. నాలుగు తీగల బేస్‌లో ఆ డి లేదు. దిగుతూ దిగుతూ వచ్చి ఆఖరి మెట్టు దగ్గర ఒక్కసారి పై స్థాయికి ఎగరాలి, లేదా మొదట్నుంచీ పై స్థాయిలోనే వాయించాలి. వినేవాళ్ళెవరూ లేచి "బేస్ తప్పు" అనరు. కానీ పల్లవి కాళ్ళు నేల మీద ఆనవు. పాడేవాళ్ళకి అది తెలుస్తుంది. ఎందుకో తెలీదుగానీ ఆసరా తగ్గినట్టు అనిపిస్తుంది.

ఆ రోజు నా భుజాన ఉన్నది అయిదు తీగలది. ఇ తీగ మీద వాయించేదాన్ని పక్కనున్న బి తీగ మీదకి జరిపాను. "సరేనమ్మా" అన్నాను. ఆవిడ రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

నా ఆలోచన ఆ "సరేనమ్మా" చుట్టూ తిరుగుతుంటుంది. నాలుగు తీగలే చాలనుకోవడం నా అభిరుచి అనుకుందాం. మంచి అభిరుచే అనుకుందాం. దానికి ఆ పూట ధర చెల్లించేది ఎవరు? నేను కాదు, ఆవిడ. వయసు మీద పడ్డ గొంతుని నా నిరాడంబరత్వం కోసం ఇంకో రెండు మెట్లు పైకి లాగాలి. గాంధీని పేదరికంలో ఉంచడానికి చాలా ఖర్చవుతోందని సరోజినీ నాయుడు హాస్యమాడారని చెప్పుకుంటారు. ఆ హాస్యంలో సూది ఉంది. ఒకరి సాదాతనం వెనక ఇంకొకరి ఏర్పాట్లు చాలా ఉండొచ్చు. సొంత కారు వద్దనుకున్న మిత్రుడు ప్రతి రాత్రీ ఎవరి బండెక్కి ఇంటికెళ్తాడు? ఫోన్ వాడని పెద్దమనిషికి కబురందించడానికి ఇంట్లో ఎంతమంది ఫోన్లు మోగుతాయి? ఆ ఎంపికలు చెడ్డవని చెప్పడం లేదు. వాటి బిల్లు ఎవరి చేతికి వస్తోందో చూడమంటున్నాను.

మర్యాద పోకుండా గీసుకునే హద్దుకి నేను పెట్టుకున్న కొలత ఇదే: హద్దు నాదైతే దాని ఖర్చూ నాదే కావాలి. ఖర్చు ఇంకొకరి మీద పడుతుంటే దాన్ని నిగ్రహం అనకూడదు.

దీనికి డబ్బు కోణం కూడా ఉంది. మా పనిలో ఆర్కెస్ట్రా నడిపే అన్నకి ప్రతి మనిషీ ఒక పేమెంట్, వ్యాన్‌లో ఒక సీటు, ఒక భోజనం. బేస్ వాయించేవాడు "ఆ స్వరం నా దగ్గర లేదు" అన్న మరుక్షణం కీబోర్డు అబ్బాయి ఎడంచేత్తో అది వాయించి చూపిస్తాడు. మరుసటి ప్రోగ్రాంకి ఒక సీటు తగ్గుతుంది. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. "నాలుగు చాలు" అని నిబ్బరంగా అనగలిగేవాళ్ళలో చాలామందికి నెల జీతం వేరే చోట నుంచి వస్తుందని మాత్రం గమనించాను. మిగిలినవాళ్ళం అంత నిబ్బరంగా అనలేం. మా మాట వినేముందు అది లెక్కలోకి తీసుకోవాలి.

*

అయితే ఇదే కొలతని అటువైపు కూడా పెట్టాలి. ఎక్కువ తీగల ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

31 కంపనాల స్వరాన్ని నిజంగా గాలిలోకి తోయగల స్పీకర్లు చిన్న హాళ్ళలో, కేఫ్‌ల్లో ఉండవు. ఫోన్‌లో అయితే అసలు ప్రశ్నే లేదు. మరి వినేవాళ్ళకి ఏం వినిపిస్తుంది? తీగ కంపించినప్పుడు మూలస్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల కంపనాలు కూడా పుడతాయి. స్పీకర్ మూలస్వరాన్ని వదిలేసినా చెవి ఆ పై వాటిని బట్టి లేని మూలాన్ని తనే ఊహించుకుంటుంది. చెవి చేసే ఈ ఉపకారం వల్లే మనం ఫోన్‌లో కూడా ఇళయరాజా పాటల్లో బేస్ నడకని పట్టుకోగలుగుతున్నాం. అంటే నేను అంత బరువు మోసి, అంత ఖర్చు పెట్టి తెచ్చిన స్వరాన్ని చాలాసార్లు శ్రోత తనలోనే తయారుచేసుకుంటున్నాడు. దీని ముందు గర్వపడటానికి పెద్దగా ఏమీ మిగలదు.

పెద్ద సబ్‌వూఫర్లున్న చోట కథ వేరు. అక్కడ ఆ బి తీగ మోగితే ఫంక్షన్ హాల్ గోడలు మోగుతాయి, కిక్ డ్రమ్‌తో కలిసి ముద్దవుతుంది, మాట అర్థం కాదు. ఖర్చు పడేది సౌండ్ చూసే అబ్బాయి మీద, పాడే మనిషి మీద, చివరికి పాట రాసిన కవి మీద. "ఉంది కదా" అని కిందికి దిగడం చాలా తేలిక. పైన సి తీగ ఉన్నవాడి చెయ్యి చరణం మధ్యలో పైకి పాకుతుంది. గాయని ఊపిరి తీసుకునే ఆ చిన్న ఖాళీ అతనికి తన వంతులా కనిపిస్తుంది. వాయిద్యంలో ఉన్న ప్రతి వీలూ వాడమని అడుగుతుంది. అది మన చేతిలో ఉన్న ఫోన్ లాంటిదే. ఉన్నంతసేపూ పిలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఇందాక తర్వాత చెప్తానన్న పెద్ద ధర సంగతి. బేస్ నేర్చుకునేవాళ్ళు మొదట మోగించడం నేర్చుకుంటారు, అసలు కష్టం ఆపడంలో ఉంది. ఒక తీగని మీటితే పక్కనున్నవి ఊరుకోవు, వాటంతటవే సన్నగా గొణుగుతాయి. సితార్‌లో అయితే అలా పలకడానికే కింద తరఫ్ తీగలు ప్రత్యేకంగా పెడతారు, ఆ వాయిద్యానికి అదే అందం. బేస్‌లో ఆ గొణుగుడు పాటంతా బురద చేస్తుంది. అందుకని వాయించని ప్రతి తీగనీ ఏదో ఒక వేలితో ఆపి ఉంచాలి. పై తీగల మీద వాయిస్తున్నంతసేపూ కుడిచేతి బొటనవేలు లావు తీగల మీద ఆనుకుని వాటి నోరు నొక్కి ఉంచాలి. తీగ పెరిగిందంటే ఆపాల్సింది ఇంకోటి పెరిగింది. అయిదు తీగల బేస్ మీద గంటసేపు వాయిస్తే ఆ అయిదో తీగ మోగేది పది నిమిషాలు కూడా ఉండదు. మిగతా సేపంతా దాన్ని మోగకుండా చూసుకోవడమే పని.

కలిగి ఉండటం గురించి ఇంతకన్నా సూటిగా నాకెవరూ చెప్పలేదు. కొత్తగా వచ్చిన ప్రతి శక్తితోపాటు దాన్ని వాడకుండా ఉండే పని కూడా వస్తుంది. ఆ పని ఎవరికీ కనిపించదు, దానికి చప్పట్లు ఉండవు. అది చెయ్యడానికి సిద్ధంగా లేనివాడికి నాలుగు తీగలు కూడా ఎక్కువే.

*

ఈ తగువు మనకి దిగుమతి అయింది అనుకునేవాళ్ళకి మన సంగీతంలోంచే రెండు మాటలు.

మైసూరు చౌడయ్య వయొలిన్‌కి మూడు తీగలు పెంచి ఏడు తీగలు చేశారు. అప్పటికి కచేరీల్లో మైకులు లేవు. పెద్ద గొంతులున్న గాయకుల పక్కన కూర్చుని వెనక వరసదాకా వినిపించాలంటే నాదం పెరగాలి. ఆయనకి అది అవసరం. అదే కాలంలో విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నాలుగు తీగల మీదే వాయించారు, అసలు వయొలిన్‌ని పక్కవాద్యం చాప మీద నుంచి లేపి సొంతంగా కచేరీ చేసే స్థాయికి తెచ్చినవాళ్ళలో ఒకరయ్యారు. చౌడయ్యది అత్యాశ అని గానీ, నాయుడు గారిది లోటు అని గానీ అన్నవాళ్ళని నేను చూడలేదు. తర్వాత మైకులు వచ్చాయి. ఏడు తీగల వయొలిన్ అంతగా వాడుకలోకి రాలేదు. దాన్ని పుట్టించిన అవసరమే తగ్గిపోయింది మరి.

మా తరానికి దగ్గరి మనిషి పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల మీద గమకం లాగడం కష్టం, రెండూ ఒకేలా సాగవు. ఆయన జంటల్ని తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, అంటే నాలుగయ్యాయి. మంద్రం చాలదని ఇంకోటి కలిపారు, అయిదయ్యాయి. తగ్గించారా, పెంచారా? రెండూ. ఆయన్ని నడిపింది సంఖ్య కాదు, గమకం. మా తగువులో రెండు పక్షాలూ ఎంత వృథాగా అరుచుకుంటాయో ఆ అయిదు తీగల్ని చూస్తే తెలుస్తుంది.

*

పోయినేడాది ఒక తమ్ముడు ఫోన్ చేసి కలవడానికి వచ్చాడు. కాకినాడ వైపు అబ్బాయి, నగరంలో ఒక మొబైల్ షాపులో పని, ఆదివారాలు చర్చిలో బేస్ వాయిస్తాడు. అక్కడి బేస్ వేరేవాళ్ళది. ఇప్పుడు సొంతంగా కొనుక్కోవాలి. "అన్నా, ఒక్కటే కొనగలను. నాలుగా, అయిదా? నువ్వే చెప్పు" అన్నాడు. వాళ్ళమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు అది. నేను నోటికొచ్చింది చెప్పగలిగే విషయం కాదు.

"నీకేది కావాలి?" అన్నాను.

"నాకు నాలుగే ఇష్టం అన్నా. జాకో."

"ఆదివారం స్కేల్ ఎవరు చెప్తారు?"

నవ్వాడు. "ఎవరు చెప్తారన్నా, పాడేది రెండు వందల మంది. పెద్దవాళ్ళెక్కువ. ఏ పాటైనా దించుకోవాల్సిందే. డి, సి, ఒక్కోసారి ఇంకా కింద."

"మరి?"

కాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. ఆ డబ్బుకి చేతికి నచ్చే అయిదు తీగలది రాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. చవక అయిదు తీగల బేస్‌ల్లో బి తీగ వదులుగా, స్వరం ఇదీ అని తెలీకుండా మోగుతుంది. అది కొనడం కన్నా కొనకపోవడం మేలు.

రెండు నెలల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో మంచి నాలుగు తీగల బేస్ కొని తెచ్చి చూపించాడు. తీగలు చూస్తే తేడాగా ఉన్నాయి. అయిదు తీగల సెట్టు కొని, అందులోంచి లావుపాటి నాలుగు మాత్రమే వేశాడు: బి, ఇ, ఎ, డి. లావు తీగలు కూర్చోవడానికి మెడ పైనున్న నట్ గాడులు అరగదీయించి, మెడ సర్దించాడు. సన్నటి జి తీగ పొట్లంలోనే ఉండిపోయింది. ఇది వాడు కనిపెట్టిన పద్ధతి కాదు, చాలామంది చేసేదే. కానీ వాడిచ్చిన కారణం నాకు గుర్తుండిపోయింది. "పైన కావాల్సింది నాకు అన్నా. కింద కావాల్సింది వాళ్ళకి. నాది ఆగగలదు" అన్నాడు.

జాకో అన్న కుర్రాడు జాకో తిరిగిన చోటునే వదులుకున్నాడు. వాడు వదులుకున్నదాని ఖర్చు వాడిదే. తీగల సంఖ్య మారలేదు, ఎవరి కోసం అన్నది మారింది. దీన్ని త్యాగం అని పెద్ద చెయ్యను. వాడూ అలా అనుకోలేదు, కొంచెం డబ్బు చేరగానే ఇంకోటి కొంటానంటున్నాడు. కొనాలి కూడా. ఒకడి ఇష్టం ఎప్పటికీ పొట్లంలోనే ఉండిపోవాలని కోరడానికి మనకేం హక్కు?

*

ఇప్పుడు నా దగ్గర రెండూ ఉన్నాయి. పని కోసం పిలిచిన చోటికి అయిదు తీగలది తీసుకెళ్తాను. అక్కడ స్కేల్ నా ఇష్టం కాదు, ఒకరి గొంతు నిర్ణయిస్తుంది. ముగ్గురం స్నేహితులం కలిసి మా సొంత పాటలు కట్టుకునే చోటికి నాలుగు తీగలది పట్టుకెళ్తాను. కింద డి లేకపోతే డి లేకుండా పాట కడతాం. దొరకని స్వరం చుట్టూ తిరిగి వెళ్ళే దారిలో కొన్నిసార్లు మంచివి తగులుతాయి, చాలాసార్లు ఏమీ తగలవు. "హద్దులుంటేనే సృజన" అని ఘనంగా చెప్పేవాళ్ళు ఆ రెండో సంగతి చెప్పరు.

ఈ విభజన చక్కగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నాకు పూర్తి తృప్తి లేదు. మా ముగ్గురిలో పాడే మిత్రుడు ఈ మధ్య ఒక పాటని ఎఫ్‌లో పాడుతున్నాడు. ఆ పాట అతని గొంతుకి ఎక్కడ హాయిగా ఉంటుందో అడిగితే "పర్లేదు, ఇది బాగానే ఉంది" అన్నాడు. బాగానే ఉందో, నా చేతిలో ఉన్న బేస్‌ని చూసి అలా అన్నాడో తెలీదు. స్నేహితుల మధ్య బిల్లు ఎవరూ చేతికివ్వరు, మనమే వెతుక్కోవాలి. వచ్చే రిహార్సల్‌కి రెండో బేస్ తీసుకెళ్ళి, ఏమీ చెప్పకుండా మూల పెట్టి, ఇంకోసారి అడుగుతాను.